పెద్దవారిలో ఆటిజం: నిర్ధారణ ఎలా జరుగుతుంది?

జ్వరం ఎంత ఉన్నదో ఉష్ణమాపకం చెబుతుంది. రక్తంలో చక్కెర ఎంత ఉన్నదో ఒక్క చుక్కతో తేలిపోతుంది. ఎముక విరిగితే ఎక్స్‌రేలో కనబడుతుంది. కాని నలభై ఏళ్ల వ్యక్తి ఒకరు వైద్యుని దగ్గరకు వచ్చి, తనకు ఆటిజం ఉన్నదో లేదో చెప్పమని అడిగితే ఇటువంటి సాధనాలేవీ పనికిరావు. ఆటిజాన్ని తేల్చి చెప్పగల రక్తపరీక్ష గాని, మెదడు చిత్రం గాని నేటికీ లేదు. మరి వైద్యుడు దేనిని పరీక్షిస్తాడు? ఆ వ్యక్తి గడిపిన జీవితాన్ని, అందులోనూ ముఖ్యంగా బాల్యాన్ని.

ఆటిజం నడివయసులో వచ్చిపడే జబ్బు కాదు. మెదడు ఎదుగుదలలో తొలినాటి నుండి ఉండే తేడా. అందుచేత ఇక్కడ 'రోగనిర్ణయం' అనడం కంటె 'నిర్ధారణ' అనడం సముచితం. దీని లక్షణాలు రెండు తెగలు. ఇతరులతో సంభాషణ సాగించడం, ఎదుటివారి ముఖంలోని భావాన్ని, మాట వెనుక ఉన్న ఉద్దేశాన్ని గ్రహించడం కష్టం కావడం మొదటి తెగ. దినచర్యలో చిన్న మార్పును కూడా సహించలేకపోవడం, ఒకే విషయం మీద గాఢమైన ఆసక్తి, చేసిన చేష్టనే మరల మరల చేయడం, ధ్వనికి, వెలుతురుకు, స్పర్శకు అతిగానో అల్పంగానో స్పందించడం రెండవ తెగ. ఈ రెండు తెగలూ ఉండాలి. చిన్ననాటి నుండి ఉండాలి. నిత్యజీవితానికి ఆటంకం కలిగించాలి. సిగ్గరి అయినంత మాత్రాన గాని, తపాలా బిళ్లలు శ్రద్ధగా సేకరించినంత మాత్రాన గాని ఎవరికీ ఆటిజం ఉన్నట్లు కాదు.

ఇన్నాళ్లు ఎందుకు తెలియలేదు?

చిన్ననాటి నుండి ఉన్న విషయం పెద్దయ్యేదాకా బయటపడకపోవడానికి కారణం కొంతవరకు వైద్యశాస్త్ర చరిత్రలోనే ఉన్నది. 1943లో అమెరికాలోని బాల్టిమోరులో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లలను వర్ణిస్తూ ఒక వ్యాసం ప్రచురించాడు. అప్పటి నుండి ఆటిజం అంటే చిన్నపిల్లలకు సంబంధించిన, మిక్కిలి అరుదైన స్థితి అనే అభిప్రాయం స్థిరపడినది. కాని పిల్లలు పెద్దవారవుతారు గదా! ఆ పదకొండు మందిలో మొదటివాడైన డోనాల్డ్ ట్రిప్లెట్ మిసిసిపీ రాష్ట్రంలోని తన ఊరి బ్యాంకులో ఉద్యోగం చేసి, 2023లో 89 ఏళ్ల వయసులో మరణించాడు.

మాటలు చక్కగా వచ్చి, చదువులో రాణించే పిల్లలలో కూడా ఇటువంటి లక్షణాలు ఉండవచ్చునని 1944లో వియన్నా నగరంలో హాన్స్ ఆస్పెర్గర్ వ్రాశాడు. జర్మను భాషలో ఉన్న ఆ వ్యాసం వైపు 1981లో ఇంగ్లాండు వైద్యురాలు లోర్నా వింగ్ దృష్టి మళ్లించేవరకు ఆంగ్ల ప్రపంచం దానిని అంతగా పట్టించుకోలేదు. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథంలో ఈ రకం చేరినది 1994లో. 2013లో అన్ని రకాలనూ కలిపి 'ఆటిజం వర్ణపటం' అన్నారు. ఇంద్రధనుస్సులో ఒక రంగు ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో గీత గీయలేనట్లే, ఇక్కడా తేడాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కావున 1980 ప్రాంతంలో బడికి వెళ్లి, మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లవాణ్ణి మొండివాడని అన్నారే గాని, ఆటిజం మాట ఎవరికీ తోచలేదు.

మరొక కారణం అనుకరణ. ఎదుటివారి నవ్వును, చూపును, పలకరింపును గమనించి పాఠంలా వల్లెవేసి కొందరు తమ కష్టాన్ని కప్పిపుచ్చుకొంటారు. ఇది స్త్రీలలో ఎక్కువగా కనబడుతున్నదని పరిశోధకులు చెబుతున్నారు. ఈ నటన శ్రమతో కూడినది. అలసట, దిగులు, ఆందోళన దాని ఫలితాలు. వాటికే చికిత్స పొందుతూ, మూలం తెలియకుండా ఏళ్లు గడిపినవారు ఉన్నారు. 1961లో జన్మించిన ఇంగ్లాండు ప్రకృతి శాస్త్ర ప్రసారకుడు క్రిస్ పాకమ్‌కు నలభై ఏళ్లు దాటిన తరువాతనే నిర్ధారణ జరిగినది.

మార్కులు చాలవు

2001లో కేంబ్రిడ్జిలో సైమన్ బారన్-కోహెన్ బృందం పెద్దవారి కోసం 50 ప్రశ్నల పట్టిక తయారుచేసినది. ఆటిజం ఉన్నట్లు ముందే తేలినవారిలో నూటికి 80 మందికి 32 గాని అంతకు మించి గాని మార్కులు వచ్చినవి. పోలిక కోసం తీసుకొన్న సామాన్య జనంలో నూటికి ఇద్దరికే వచ్చినవి. అయితే 32 వస్తే ఆటిజం ఉన్నట్లేనా? లెక్క వేసి చూడవచ్చు.

జనంలో నూటికి ఒకరికి ఆటిజం ఉన్నదనుకొందాం. వెయ్యిమందిలో 10 మంది. వారిలో 8 మందికి 32 మార్కులు వస్తాయి. మిగిలిన 990 మందిలో నూటికి ఇద్దరి చొప్పున సుమారు 20 మందికి కూడా వస్తాయి. మొత్తం 28 మందిలో ఆటిజం ఉన్నవారు ఎనిమిదిమందే! పైగా ఇద్దరు జల్లెడలో నుండి జారిపోయారు. అనుమానంతో వచ్చేవారిలో ఈ పాలు హెచ్చుగా ఉండవచ్చు; అయినా ప్రశ్నల పట్టిక జల్లెడే గాని తీర్పు కాదు.

నిర్ధారణ క్రమం

ఇంగ్లాండులో 2012లో వెలువడిన జాతీయ వైద్య మార్గదర్శకాల ప్రకారం ఈ పని శిక్షణ పొందిన నిపుణుల బృందం చేయాలి. వారు వ్యక్తితో సావకాశంగా మాట్లాడి, మాట తీరును, చూపును, హావభావాలను గమనిస్తారు. తల్లిదండ్రులను గాని, జీవిత భాగస్వామిని గాని అడిగి పూర్వ విషయాలు తెలుసుకొంటారు. మాటలు ఎప్పుడు వచ్చినవి? తోటివారితో ఎలా ఆడుకొనేవాడు? చెప్పగలవారు లేనప్పుడు బడి నివేదికల వంటి పత్రాలు సాక్ష్యంగా పనికివస్తాయి. ఆందోళన, దిగులు, ఏకాగ్రత లోపం వంటి ఇతర స్థితులు ఇదే రూపంలో కనబడుతున్నాయేమో, లేక ఆటిజంతోపాటు ఉన్నాయేమో కూడా విచారిస్తారు.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించినది. అంతకు ముందే, 2009లో, సికింద్రాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించిన 40 అంశాల భారతీయ కొలమానం వాడుకలోకి వచ్చినది. అది ప్రధానంగా పిల్లలను దృష్టిలో ఉంచుకొని తయారైనది.

ఇంత శ్రమపడి తెలుసుకొంటే ప్రయోజనమేమి? ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. అయితే ఇన్నాళ్లు తన స్వభావ దోషమనుకొన్నది దోషం కాదని తెలియడం చిన్న విషయం కాదు. పనిచేసేచోట నిశ్శబ్దమైన మూల, నోటిమాటకు బదులు వ్రాతపూర్వకమైన ఆదేశం వంటి చిన్న సదుపాయాలు కోరుకొనే వీలు కలుగుతుంది. దిగులుకు తగిన చికిత్స ఏర్పరచవచ్చు.

ఇందులో ఉపాధ్యాయునికీ పాత్ర ఉన్నది. ప్రగతి పత్రంలో "కలుపుగోలుతనం లేదు" అని వ్రాస్తే తెలిసేది స్వల్పం. "విరామంలో ఒంటరిగా గోడవెంట నడుస్తాడు, గంట మోగితే చెవులు మూసుకొంటాడు, రైళ్ల వేళలన్నీ కంఠస్థం" అని వ్రాస్తే అది పరిశీలన. నిర్ధారణ చేయడం ఉపాధ్యాయుని పని కాదు. కాని చూచినది చూచినట్లు వ్రాసి, తల్లిదండ్రులకు తెలిపితే, ఆ విద్యార్థి తనను తాను అర్థం చేసుకొనడానికి ముప్పై ఏళ్లు ఆగవలసిన అవసరం రాకపోవచ్చు.