క్రైస్తవుడు వదలాల్సింది తెలుగుతనాన్నా, కులాన్నా?

బేతంచెర్ల నాపరాయి తెలుగునాట ఎన్నో ఇళ్లకు నేల అయింది. ఆ రాయిని గనిలోంచి తీసి, కోసి, పాలిష్ పట్టే కూలీల్లో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు కలిసే ఉంటారు. ఈ ఊరికి దగ్గర్లోనే ఉంది బనగానపల్లె. అక్కడి రవ్వలకొండలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రాశారని జనం నమ్మకం. దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య ఆయన శిష్యులని సంప్రదాయం చెబుతుంది. కడప జిల్లా వైపు వెళ్తే జమ్మలమడుగులో లండన్ మిషన్ వైద్యుడు క్యాంబెల్ 1890ల్లో మొదలుపెట్టిన ఆస్పత్రి కనిపిస్తుంది. దేవుని కడపలో ఉగాది రోజున ముస్లింలు వెంకటేశ్వరుడి దర్శనానికి వస్తారు. ఇన్ని మతాల వాళ్లు ఒకే ఎండను, ఒకే నీటి కరువును పంచుకునే ఈ మెట్టసీమలో క్రైస్తవుడు తన చుట్టూ ఉన్న సంస్కృతితో, రాజకీయంతో ఎలా మెలగాలి? తానెవరినని చెప్పుకోవాలి? ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. లోకం పాపమయం కాబట్టి అన్నిటికీ దూరంగా ఉండాలన్నది ఒకటి. అందరూ ఎలా నడుస్తుంటే అలాగే నడవాలి, చర్చి సంగతి ఆదివారానికి పరిమితం అన్నది రెండోది. రెండూ ఆలోచించే శ్రమను తప్పించుకునే దారులే. విశ్వాసం మనిషికి అప్పటికే ఉన్న గుర్తింపులన్నిటినీ తుడిచేయదు. వాటిలో ఏది నిలుపుకోదగినదో, ఏది వదలదగినదో తేల్చుకునే బాధ్యతను అతని మీద పెడుతుంది. మన దగ్గర ఆ పని చాలావరకు తలకిందులుగా జరిగింది.

తేల్చుకునే పద్ధతి బైబిల్లోనే ఉంది. యూదులు కాని జనం క్రీస్తును నమ్మినప్పుడు, వాళ్లు సున్నతి చేయించుకుని యూదుల ఆచారాలన్నీ పాటించాలా అన్న వివాదం తొలి సంఘాన్ని కుదిపేసింది. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో యెరూషలేములో కూడిన పెద్దలు అక్కర్లేదని తీర్మానించారు. అంటే ఆ మతం పుట్టిన జాతి సంస్కృతిని కూడా మోయనవసరం లేకుండానే ఎవరైనా క్రైస్తవులు కావచ్చు. రెండు అధ్యాయాల తర్వాత పౌలు ఏథెన్సులో గ్రీకు కవుల మాటలనే ఆధారం చేసుకుని గ్రీకులతో మాట్లాడతాడు. వాళ్ల విగ్రహాలను మాత్రం ఒప్పుకోడు. దానియేలు కూడా అంతే. బబులోను విద్య నేర్చుకున్నాడు, బబులోను పేరు పెట్టుకున్నాడు, బబులోను ప్రభుత్వంలో ఉద్యోగం చేశాడు. ప్రార్థన మానుకోమన్నప్పుడు మాత్రం సింహాల గుహకైనా సిద్ధపడ్డాడు. భాష, చదువు, పాట, కవిత్వం, పౌర జీవితం వీటిలో చేరడానికి అడ్డు లేదు. ఆరాధన విషయంలో మాత్రం రాజీ లేదు. ఇక మనిషి విలువ దగ్గరికి వస్తే గీత ఇంకా స్పష్టంగా ఉంది. ఆదికాండము మొదటి అధ్యాయం మనుషులందరినీ దేవుని పోలికలో చేసినవాళ్లుగా చూపిస్తుంది. మనుషుల్ని జాతిని బట్టి, దాస్యాన్ని బట్టి, ఆడా మగా అన్న తేడాను బట్టి ఎక్కువ తక్కువలుగా విడదీయడం క్రీస్తులో చెల్లదని గలతీయులకు రాసిన పత్రిక తేల్చి చెబుతుంది.

ఈ కొలతతో చూస్తే మొదటితరం తెలుగు క్రైస్తవులు సంస్కృతి విషయంలో మనకంటే ధైర్యంగా ఉన్నారు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటివారు కర్ణాటక రాగతాళాల్లో కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఇప్పటికీ పాట నెత్తిన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. 1912లో కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య దోర్నకల్లులో కట్టించిన కెథడ్రల్‌లో హిందూ ఆలయాల స్తంభాల తీరు, ముస్లిం కట్టడాల గుమ్మటాల తీరు కలిసి ఉన్నాయి. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడం, క్రైస్తవ ఆరాధనకు ఇంగ్లండు గోపురమే కావాలన్న భ్రమకు రాతితో ఇచ్చిన జవాబు. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా కాళిదాసు మేఘసందేశం బాటలో నడిచి, ఒక అంటరాని మనిషి గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి కబురు పంపినట్టు కావ్యం రాశారు. మనిషికి లేని ఆలయప్రవేశం గబ్బిలానికి ఉందన్న ఒక్క ఊహతో కులవ్యవస్థను నిలదీశారు. ఆ కవే ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. హిందూ పురాణ వస్తువులు తీసుకుంటున్నాడని సొంత మతంవాళ్లలో కొందరు ఆయన్ను ఆక్షేపించారు. పుట్టుకను ఎత్తి చూపి అవమానించినవాళ్లు బయట ఉన్నారు. ఇద్దరికీ ఆయన ఇచ్చిన సమాధానం పద్యమే. తెలుగు పద్యం ఏ ఒక్క మతానికీ సొంతం కాదని అది రుజువు చేసింది.

ఇలా కలిసిపోతే విశ్వాసం పలచబడదా అని నిజాయితీగా భయపడేవాళ్లు ఉన్నారు. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. ఒక ఆచారంలో ఆరాధన ఇమిడి ఉంటే దాని నుంచి తప్పుకునే హక్కు క్రైస్తవుడికి ఉంది, ఆ మాట మర్యాదగా చెప్పాల్సిన బాధ్యతా ఉంది. పేచీ అంతా ఆరాధనతో సంబంధం లేనివాటిని కూడా ఆ లెక్కలోనే జమకట్టేయడంతో వస్తుంది. హరికథ, బుర్రకథ, తత్వాల బాణీ, వేమన పద్యం, ఉగాది పూట ఇరుగుపొరుగు ఇంటికి వెళ్లి భోంచేయడం వీటన్నిటినీ అన్యుల పద్ధతులని తోసేసి, వాటి స్థానంలో గిటారును, పరభాషా బాణీలను, కోటూ టైలను పవిత్రమైనవిగా కూర్చోబెట్టాం. ఒక దేశపు వేషాన్ని వదిలి మరో దేశపు వేషం వేసుకుంటే భక్తి పెరగదు. క్రైస్తవం పరాయి మతమన్న ఆరోపణకు చేతులారా ఊతమిచ్చినట్టు మాత్రం అవుతుంది.

వదలక తప్పనిది కులం. దాన్ని మాత్రం చర్చి లోపలికి తెచ్చుకున్నాం. దీనికి చరిత్ర ఉంది. 18వ శతాబ్దపు కర్ణాటక జెస్యూట్ మిషన్ కాలంలో రాయలసీమలో కొన్ని రెడ్డి, కమ్మ కుటుంబాలు క్యాథలిక్కులయ్యాయి. 19వ శతాబ్దంలో కర్నూలు, కడప జిల్లాల ఆంగ్లికన్, లండన్ మిషన్ సంఘాల్లోకి ఎక్కువగా మాలలు వచ్చారు. ఒంగోలు కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు సంఘంలోకి ఎక్కువగా మాదిగలు వచ్చారు. ఎవరి గూడెం వాళ్లు ఎవరి మిషన్‌లోకి వాళ్లు వెళ్లడంతో సంఘాల పేర్లే చాలాచోట్ల కులాల హద్దులయ్యాయి. పెళ్లి సంబంధం చూసేటప్పుడు బాప్తిస్మం కంటే ముందు కులం అడుగుతారు. కులానికో శ్మశానం ఉన్న క్రైస్తవ ఊళ్లు దక్షిణ భారతంలో ఇప్పటికీ ఉన్నాయి. దానికి తోడు సంఘాల పేర్లు, విభజనలు కూడా అరువు తెచ్చుకున్నవే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో వేర్వేరు శాఖలు ఏకమై దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది అందులో చేరలేదు. చాలా ఏళ్ల తర్వాత గానీ నంద్యాల మేత్రాసనం, అంటే అక్కడి బిషప్ పరిధి, అందులో కలవలేదు. ఇంగ్లండులో పుట్టిన విభజన నల్లమల అంచున ఉన్న పల్లెల్లో అంతకాలం నిలిచింది. చేటలో కొర్రలు చెరిగినప్పుడు పొట్టు పోయి గింజ మిగలాలి. మనం చెరిగిన తీరులో గింజ ఎగిరిపోయి పొట్టు మిగిలింది.

ఇంటి గుట్టు ఇలా బయటపెట్టడం ప్రమాదం కాదా అని అడిగేవాళ్లకు ఒక చట్టపరమైన జవాబు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకు మాత్రమే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి మారిన దళితులు మన రాష్ట్రంలో ఒక శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సీలోకి వెళ్తారు. అందుకే చాలామంది నమ్మకం ఒకటి, సర్టిఫికెట్ మరొకటిగా బతుకుతున్నారు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే అని తేలడానికి ఇదీ ఒక కారణం. వాళ్లను అబద్ధాలకోరులనడం తేలిక. పిల్లల చదువుకూ నమ్మకానికీ మధ్య ఏదో ఒకటి ఎంచుకోమనే నిబంధన ఎంత క్రూరమో చూడటం కష్టం. 1985లో, క్రైస్తవంలోకి మారిన దళితుడి హోదాపై వచ్చిన సూసై కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. మతం మారాక కూడా అణచివేత అంతే తీవ్రంగా కొనసాగుతోందని చూపించాలన్నది దాని సారం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో పని లేకుండా ఎస్సీ హోదా ఇవ్వాలని సిఫారసు చేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇదే కోరుతూ తీర్మానం చేసింది. మరోవైపు, క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025లో రాష్ట్ర హైకోర్టు తీర్పు చెప్పింది. బయట న్యాయం అడుగుతూ, లోపల కులమే లేదని బుకాయిస్తే మన వాదన మనమే కూల్చుకుంటాం. లోపలి నిజాన్ని ఒప్పుకుని సరిదిద్దుకునే సంఘానికే బయట న్యాయం అడిగే నైతికబలం ఉంటుంది.

సరిదిద్దుకోవడం సాధ్యమేనా అంటే, ఈ మెట్టసీమే ఒక ఉదాహరణ చూపింది. 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల మేత్రాసనానికి బిషప్‌గా అభిషిక్తురాలయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో బిషప్ అయిన తొలి మహిళ ఆమే. ఐక్యసంఘంలో ఆలస్యంగా చేరిన మేత్రాసనమే, స్త్రీని బిషప్‌గా నిలపడంలో దేశంలోని ఎన్నో పెద్ద మేత్రాసనాల కంటే ముందుంది. మనిషి విలువ పుట్టుకను బట్టి, లింగాన్ని బట్టి ఉండదన్న సిద్ధాంతం పీఠం మీదికి రాగలిగితే, కులం విషయంలో అది పెళ్లిపందిట్లోకి, సమాధుల దొడ్డిలోకి రాకపోవడానికి కారణం చేతకానితనం అయి ఉండదు. ఇష్టం లేకపోవడమే.

రాజకీయానికీ ఇదే కొలత. 1932 నాటి కమ్యూనల్ అవార్డు భారతీయ క్రైస్తవులకు కూడా ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. మతమార్పిడి విషయంలో గాంధీజీతో గట్టిగా విభేదించిన అజరయ్యే ఆ కానుకను వద్దన్నారు. క్రైస్తవులు పొరుగువాళ్ల నుంచి విడిపోయి ఒక రాజకీయ ముఠాగా మారిపోతారని ఆయన భయపడ్డారు. రాజ్యాంగసభలోనూ అదే ధోరణి నడిచింది. సభ ఉపాధ్యక్షుడైన హెచ్.సి. ముఖర్జీ, జెస్యూట్ ఫాదర్ జెరోమ్ డిసౌజా లాంటి క్రైస్తవ సభ్యులు మత ప్రాతిపదికన రిజర్వు సీట్లు వదులుకోవడానికి ఒప్పుకున్నారు. 25వ అధికరణంలో మతాన్ని ప్రచారం చేసుకునే స్వేచ్ఛ మాత్రం అందరి హక్కుగా నిలిచింది. తమకంటూ గోడ కట్టుకోవడం కంటే అందరికీ వర్తించే హక్కే క్షేమమని వాళ్లు నమ్మారు. అల్పసంఖ్యాకులు కలిసికట్టుగా ఓటేయకపోతే పట్టించుకునేదెవరన్న ప్రశ్నలో బలం ఉంది. అయితే మూటగట్టిన ఓటుకు బేరం కుదిర్చేవాడు ఒకడుంటాడు. ఓటేసినవాళ్లకు దక్కేది తక్కువ, బేరగాడికి దక్కేది ఎక్కువ. ప్రభుత్వం పాస్టర్లకు గౌరవ వేతనం ఇస్తే, ఇచ్చిన చెయ్యి తప్పు చేసినప్పుడు పాస్టరు నోరు లేస్తుందా అన్నది సంఘం అడగాల్సిన ప్రశ్న. ఒక క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చిన నాయకుడు ముఖ్యమంత్రి కావడం ఈ సీమ చూసింది. అలాంటి నాయకుణ్ణి మిగతావాళ్ల కంటే మెత్తగా ప్రశ్నిస్తే అది పక్షపాతం, కక్షతో ప్రశ్నించినా పక్షపాతమే.

బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన యూదులకు యిర్మీయా రాసిన ఉత్తరం, తాము చెరలో ఉన్న ఆ పట్టణపు మేలునే కోరమంది. తమను బంధించిన ఊరికే మేలు కోరమన్నప్పుడు, పుట్టి పెరిగిన ఊరి మేలు కోరడానికి అడ్డేముంది? బేతంచెర్లలో ఆ మేలంటే గనుల్లో, పాలిష్ కార్ఖానాల్లో లేచే దుమ్ము నుంచి కూలీలకు రక్షణ, సరైన కూలి, ప్రమాదం జరిగితే పరిహారం, తాగునీరు, వలసపోయే కుటుంబాల పిల్లలకు బడి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్లేముందు మతం అడగదు. ఈ సీమను పీడించిన ముఠాకక్షల విషయంలోనూ, క్షమాపణను ప్రతి ఆదివారం బోధించేవాళ్లు మొదట రాజీకి నిలబడాలి.

ఇంకొక ఆరోపణ ఉంది. క్రైస్తవులు గంజి కోసం మారారన్నది. 1876-78 కరువులో సీడెడ్ జిల్లాలు, అంటే నేటి రాయలసీమ, శవాల గుట్టలయ్యాయి. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది. ఆ కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కూలి పని ఇచ్చారు, సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టినవాడి మీద నమ్మకం కలగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. తలెత్తుకుని బతికే చోటు వెతుక్కోవడం మనిషి హక్కు. సిగ్గుపడాల్సిందల్లా, అలా వచ్చినవాళ్లకు చర్చిలో కూడా పాత పేటే చూపించినందుకు. తెలుగు పద్యాన్ని, తత్వాన్ని, పొరుగింటి భోజనాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కులాన్ని వదలడానికి కూడా కోర్టు తీర్పు కోసం, ఎన్నికల ఫలితం కోసం ఆగనక్కర్లేదు. సంఘం పెద్దలు పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు, సమాధికి చోటు కేటాయించేటప్పుడు, పాస్టరు కమిటీని ఎన్నుకునేటప్పుడు కులం అడగడం మానేస్తే చాలు. ఆ ఒక్కటీ చేయకుండా సంస్కృతి గురించి, రాజకీయం గురించి క్రైస్తవులు ఊరికి చెప్పే ఏ మాటా నిలబడదు.