మూత్రపిండాల జబ్బు: కొత్తదా? పాతదా?

క్రియాటినిన్ 3 మిల్లీగ్రాములని పరీక్ష కాగితం మీద కనబడగానే ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడుతుంది. అయితే ఆ అంకె సగం సంగతే చెబుతుంది. జబ్బు నాలుగు రోజులదా, నాలుగేళ్ళదా? ముందుగా తేలవలసింది అది. విరేచనాలవల్లనో, నొప్పి మాత్రలవల్లనో, మూత్రానికి అడ్డు తగలడంవల్లనో హఠాత్తుగా దెబ్బతిన్న మూత్రపిండాలు వేళకు వైద్యం అందితే చాలామందిలో తేరుకుంటాయి. మధుమేహంవల్లనో, రక్తపు పోటువల్లనో ఏళ్ళ తరబడి క్షీణించినవి మామూలు స్థితికి రావడం అరుదు. అక్కడ వైద్యుని పని ఆ క్షీణతను నెమ్మదింపజేయడం.

ఇంతకూ క్రియాటినిన్ అంటే ఏమిటి? కండరాలలో పుట్టే వ్యర్థపదార్థం. మూత్రపిండాలు మందగిస్తే అది రక్తంలో పేరుకుంటుంది. డెసిలీటరుకు ఇంత అని కట్టే ఆ లెక్క 48 గంటలలో 0.3 మిల్లీగ్రాములు పెరిగినా, వారంలో మునుపటికి ఒకటిన్నర రెట్లయినా, కొత్త దెబ్బ తగిలిందన్నమాట. లోపం 3 నెలలు మించి నిలిచి వుంటే దీర్ఘవ్యాధి అంటారు. పాత జబ్బు మీద కొత్త దెబ్బ తగలడమూ కద్దు.

మరి మునుపెన్నడూ పరీక్ష చేయించుకోనివారి మాటేమిటి? డాక్టరు ఇతర సాక్ష్యాలు వెతుకుతారు. మూత్రాన్ని సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు మట్టిరంగు గుళికలు కనబడితే మూత్రనాళికలకు ఇటీవలనే దెబ్బ తగిలిందని అనుకోవచ్చు. రక్తహీనత వుంటే జబ్బు పాతదేమోనన్న అనుమానం కలుగుతుంది. కాని అదొక్కటే చాలదు. అల్ట్రాసౌండులో మూత్రపిండాలు 9 సెంటీమీటర్లకు లోపుగా కుంచించుకుపోయి వుంటే అనుమానం బలపడుతుంది. అయితే మధుమేహరోగులలో జబ్బు ముదిరినా వాటి పరిమాణం తగ్గకపోవచ్చు.

నిన్న బయటపడిన జబ్బు నిన్న పుట్టినదే కానక్కరలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎందరినో పీడిస్తున్న, కారణం ఇదమిత్థమని తేలని మూత్రపిండ వ్యాధినే చూడండి. అందులో మూత్రంలో ఆల్బుమిన్ స్వల్పంగానే పోవచ్చు. కాళ్ళవాపు లేకనూ పోవచ్చు. కనుక మూత్రపరీక్షతో సరిపెట్టుకోక రక్తపరీక్ష కూడా చేయించాలి.

అన్నిటికంటె నమ్మదగిన సాక్షి పాత పరీక్ష కాగితం. నేడు 3 వున్న క్రియాటినిన్ ఆరు నెలల క్రితం 1 వుంటే ఒక దారి, 2.8 వుంటే మరొక దారి. అందుచేత గృహిణులు పాలలెక్క, చాకలిపద్దు దాచినంత శ్రద్ధగా ఇంటిల్లిపాది పరీక్ష కాగితాలనూ తేదీలవారీగా దాచాలి. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు వాటితోపాటు రోగి వాడుతున్న మాత్రలన్నీ, నాటుమందులతో సహా, వెంట తీసుకువెళ్ళండి.