బొమ్మా? బొరుసా? రెండూ కాదా?

‘షోలే’లో అమితాబ్ ఎగరేసే నాణేనికి రెండువైపులా బొమ్మే. ఆ సంగతి ధర్మేంద్రకి తెలిసేసరికి స్నేహితుడు లేడు. 1975లో ఆ సినిమా వచ్చింది మొదలు అలాంటి నాణెం కోసం వెతికినవాళ్లు దేశంలో ఎంతమందో. నాకైతే ఒక సంతలో దొరికింది. ఇంటికొచ్చి భూతద్దం కింద పెడితే, అంచుకి లోపలివైపు వెంట్రుకంత గీత చుట్టూ తిరిగి కనిపించింది. ఒక రూపాయిని లేత్ మీద గిన్నెలా తొలిచి, ఇంకో రూపాయిని అరగదీసి అందులో బిళ్లలా కూర్చారన్నమాట. గారడీవాళ్ల సరుకు. బండమీద వేస్తే ఖంగుమనాల్సింది టప్పుమంది.

అప్పట్నుంచి వింత నాణెం ఏది చేతికొచ్చినా ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ తప్పు టంకశాల గోడ లోపల జరిగిందా, గోడ బయట జరిగిందా? లోపల జరిగితే అది ఎర్రర్ కాయిన్. బయట జరిగితే దెబ్బతిన్న నాణెం, దాని విలువ దానిమీద రాసున్నంతే.

✦

అంచున చంద్రవంకలా కొరికినట్టున్న నాణేలు చూసే ఉంటారు. పరిచిన పిండిమీద డబ్బామూత నొక్కి గుండ్రాలు కోస్తాం కదా, టంకశాలలో లోహపు రేకునీ అలాగే కోస్తారు. రేకు సరిగ్గా ముందుకు జరగకపోతే కొత్త కోత పాత కంతమీద పడుతుంది. ఆ మేరకు బిళ్ల కొరికినట్టు వస్తుంది.

ఇది ఆకురాయితోనూ చేయొచ్చు. మరి తేడా ఎలా తెలుస్తుంది? కొరికినచోట చూడకండి, దానికి సరిగ్గా ఎదుటి అంచు చూడండి. కోసిన బిళ్లకి అచ్చు వేసేముందు అంచు లేపడానికి రెండువైపులనుంచి నొక్కుతూ దొర్లిస్తారు. ఒకవైపు లోహమే లేనప్పుడు ఎదుటివైపు ఒత్తిడి పడదు, అక్కడ గట్టు సరిగా లేవదు. అసలైన కొరుకుడు నాణెంలో ఎదుటి గట్టు పలచబడి, ఒక్కోసారి పూర్తిగా మాయమై ఉంటుంది. దీన్ని బ్లేక్స్‌లీ గుర్తు అంటారు. ఆకురాయి పట్టినవాడు ఒకవైపు తినేయగలడు గానీ ఎదుటి గట్టు సంగతి వాడికి తట్టదు. నకిలీని పట్టే పద్ధతులన్నిట్లో నాకు బాగా నచ్చింది ఇదే.

✦

మన నాణేల బజార్లో ‘లఖీ’ అనే మాట వినబడుతుంది. ఇంగ్లీషువాళ్లు బ్రాకేజ్ అంటారు. అచ్చు పడ్డ నాణెం కిందికి రాలకుండా పై అచ్చుకే అతుక్కుపోతుంది. ఆ కిందికి కొత్త బిళ్ల వస్తుంది. అప్పుడు బిళ్లకి ఒకవైపు మామూలు అచ్చు, రెండోవైపు అతుక్కున్న నాణెం తాలూకు బొమ్మే గుంటగా, అద్దంలో చూసినట్టు తిరగబడి పడుతుంది. ఒకవైపు ఉబ్బెత్తు సింహాలు, రెండోవైపు గుంటపడ్డ సింహాలు. రోమన్ల కాలపు వెండి నాణేల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. అప్పుడు సుత్తి, ఇప్పుడు యంత్రం. తొందర మాత్రం అదే.

దొంగ లఖీ చేయడం తేలికే. రెండు నాణేలు ఒకదానిమీద ఒకటి పెట్టి బెంచి వైస్‌లో బిగిస్తే చాలు. అయితే ఆ గుంట బొమ్మ ఉన్న బొమ్మని తొక్కుతూ, దానిమీద మచ్చలా పడుతుంది. టంకశాల లఖీలో గుంట బొమ్మ తప్ప ఆ వైపు ఇంకేమీ ఉండదు.

✦

జేబులో రూపాయి ఉంటే తీయండి. సింహాలు నిటారుగా ఉండేలా పైనా కిందా రెండు వేళ్లతో పట్టుకుని పక్కకి తిప్పండి. వెనకవైపు కూడా నిటారుగానే కనబడాలి. మన నాణేల అమరిక అది. తలకిందులుగా వచ్చిందా, దాచుకోండి. అచ్చు బిగించేటప్పుడు తిరిగిపోయిందన్నమాట. నాలుగైదు డిగ్రీల తేడాకి ఎవరూ పైసా ఇవ్వరు. 90, 180 డిగ్రీలైతే అడిగేవాళ్లుంటారు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు క్వార్టర్ నాణెం ఇలాగే తిప్పి, తలకిందులుగా ఉందని సంబరంగా ఫోన్ చేస్తుంటారు. అక్కడ తలకిందులుగా ఉండటమే పద్ధతి!

✦

1911లో అయిదో జార్జి రూపాయి వచ్చింది. రాజుగారి అంగీమీద గొలుసులో చిన్న ఏనుగు బొమ్మ. చెక్కినవాడు తొండం పొట్టిగా పెట్టాడో ఏమో, జనానికి అది పందిలా కనిపించింది. మతం మాటొచ్చేసరికి గొడవ ముదిరింది. అచ్చయినవి దాదాపు 94 లక్షలు, అందులో బయటికి వెళ్లినవి 7 లక్షల వరకు. మిగతావి ఆపేసి కరిగించారు. 1912లో ఏనుగుకి తొండం సాగదీశారు. సేకరణదారులు నేటికీ 1911 రూపాయిని ‘పిగ్ రూపీ’ అనే పిలుస్తారు.

నిజానికి ఇది ఎర్రర్ కాదు. యంత్రం తనకి చెప్పింది చెప్పినట్టే చేసింది. తప్పంతా బొమ్మ గీసినవాడిది. ఆ ఒక్క ఏడాదే ఆ బొమ్మ ఉంది కాబట్టి గిరాకీ.

✦

‘చిల్లికాణీ’కి చిల్లు ఎవరూ పొడవలేదు. యుద్ధకాలంలో రాగి పొదుపు కోసం 1943 నుంచి 1947 వరకు పైసా నాణేన్ని నడుమ చిల్లుతోనే పోశారు. చిల్లు మధ్యలో పడకుండా పక్కకి జరిగినవే వీటిలో ఎర్రర్లు. చెల్లని కాణీ అని తిట్టించుకున్నదానికి ఇప్పుడు వేలంపాట!

✦

తేడా కనబడ్డ ప్రతిదీ తప్పు కాదు. పది రూపాయల నాణెం ఇందుకు పెద్ద ఉదాహరణ. 2005 సంవత్సరం వేసి ఉన్నా జనం చేతికి వచ్చింది 2009లో. పది గీతలుంటే అసలు, పదిహేనుంటే నకిలీ అన్న పుకారు పుట్టి మన ఊళ్లలో కిరాణా కొట్టు నుంచి ఆటో దాకా ఎవరూ తీసుకోని రోజులు గుర్తున్నాయి కదా. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చింది: అప్పటికి 14 రకాల పది రూపాయల నాణేలు విడుదలయ్యాయి, అన్నీ చెల్లుతాయి. సందేహమున్నవాళ్ల కోసం 14440 అనే ఉచిత ఫోన్ నంబరూ పెట్టింది. అయినా మా వీధి చివర కొట్లో చాన్నాళ్లు ‘వద్దండీ’ అనే అన్నారు.

వీటిలో నిజమైన ఎర్రర్లు వేరు. నడిమి బిళ్ల పక్కకి జరిగి పసుపు వలయంమీదికి ఎక్కినవి, బిళ్లే లేకుండా వలయం మీద మాత్రమే అచ్చు పడ్డవి. సుత్తితో బిళ్ల ఊడగొట్టి అమ్మేవాళ్లున్నారు. అచ్చు పడ్డాక ఊడగొడితే కంత లోపలి గోడమీద గీతలుంటాయి, వలయంమీది అక్షరాలు అంచుదగ్గర కత్తిరించినట్టు ఆగిపోతాయి. బిళ్ల లేకుండానే అచ్చు పడితే లోహం ఆ ఖాళీలోకి కొద్దిగా జారి, కంత కాస్త ఇరుకవుతుంది.

సంవత్సరం కింద ఉండే టంకశాల గుర్తులూ తప్పులు కావు. చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే మన హైదరాబాద్, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఏమీ లేదు కదాని దాచినవాళ్లున్నారు పాపం! చిల్లర కరువైన రోజుల్లో ప్రభుత్వం విదేశాల్లోనూ నాణేలు పోయించింది. మెక్సికో టంకశాలవాటికి ‘ఎం’ పైన చిన్న ‘ఓ’, స్లొవేకియా క్రెమ్నిత్సావాటికి ‘ఎం కే’, మాస్కోవాటికి రష్యన్ అక్షరాలు ఉంటాయి.

✦

నిజాం రూపాయి మీద చార్మినార్ నడిమి కమానులో ఒక అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ నాటివైతే ‘మీమ్’, ఉస్మాన్ అలీ ఖాన్ నాటివైతే ‘ఐన్’. ఈ ‘ఐన్’ మొదట్లో పొట్టిగా ఉండి, తర్వాత నిండుగా మారింది. దీన్ని రకం అనాలి, ఎర్రర్ అనకూడదు. ఈ రూపాయలు ఎక్కువ కాలం అచ్చయింది సైఫాబాద్ టంకశాలలో. 1903లో అక్కడికి వచ్చిన టంకశాల 1997లో చర్లపల్లికి వెళ్లింది. పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు.

ఇంకా వెనక్కి వెళితే, కోటిలింగాలలో దొరికిన శాతవాహన నాణేల్లో బొమ్మ నడిమధ్య పడ్డది దొరకడమే కష్టం. చేత్తో కొట్టినవి. వాటిని ఆఫ్ సెంటర్ ఎర్రర్ అని అమ్మేవాడు కనబడితే దణ్ణం పెట్టి వచ్చేయండి.

✦

చదువుకున్నవాళ్ల తప్పులు చూడాలంటే చిలీ. 2008 సంవత్సరపు 50 పెసోల నాణెం మీద దేశం పేరులో ‘ఎల్’ బదులు ‘ఐ’ పడింది. ఏడాది పైగా ఎవరూ గమనించలేదు. గమనించాక టంకశాల అధికారి ఉద్యోగం పోయింది. ఐర్లండ్ కేంద్రబ్యాంకు 2013లో రచయిత జేమ్స్ జాయిస్ పేరున 10 యూరోల వెండి నాణెం తెచ్చి, ఆయన నవల ‘యులిసిస్’ వాక్యంలో జాయిస్ రాయని మాట ఒకటి చేర్చింది. బ్రిటన్‌లో 2008లో కొన్ని 20 పెన్నీల నాణేలకి కొత్త వెనకభాగం, పాత ముందుభాగం కలిసి అసలు సంవత్సరమే లేకుండా వచ్చాయి. మూడొందల ఏళ్లలో అక్కడ అలా జరగడం మొదటిసారి.

✦

ఇక గ్రేడింగ్. 1 నుంచి 70 వరకు మార్కులు వేసే పద్ధతిని 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ తెచ్చాడు. వృత్తికి మనస్తత్వ శాస్త్రవేత్త. పాత రాగి సెంటులో బాగా అరిగినదాని ధర ఒక డాలరైతే, మచ్చలేనిది 70 డాలర్లు చేస్తుందన్నది ఆయన లెక్క. ఆ ధరలు ఎప్పుడో పోయాయి గానీ అంకెలు నిలిచాయి. 60, ఆపైన ఉంటే వాడకంలోకి వెళ్లనిదని అర్థం. తమాషా ఏమిటంటే, న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోంచి మేలైన సెంట్లు తీసుకుని, వాటి స్థానంలో నాసిరకంవి పెట్టింది ఈయనేనని తర్వాత తేలింది. గ్రేడు తెలిసినవాడి దొంగతనం!

ఇంట్లో గ్రేడు చూడాలంటే గదిలో ఒక్క బల్బే ఉంచండి. నాణేన్ని అంచులు పట్టుకుని వంచుతూ తిప్పండి. బండిచక్రం ఆకుల్లా వెలుగు చారలు తిరిగితే అది వాడని నాణెం. తర్వాత ఎత్తైన భాగాలు చూడాలి: జార్జి రూపాయికి కిరీటం, చెంప, చెవిమీది జుట్టు. అరుగుదల అక్కడే మొదలవుతుంది. బొమ్మ మసగ్గా ఉన్నా వెలుగు తిరుగుతుంటే అచ్చు సరిగా పడలేదని అర్థం. వెలుగూ లేకపోతే అరిగింది.

మనవాళ్ల చేతిలో నాణేనికి రెండు గండాలు. ఒకటి చింతపండు. మా అమ్మమ్మ రాగి చెంబులతో పాటు తాతయ్య దాచిన డబ్బులన్నీ తోమి తళతళలాడించింది, నా కళ్లముందే. నూరేళ్ల నలుపు పోయింది, దాంతోపాటే ధరా పోయింది. ఆ మెరుపు చచ్చిన మెరుపు, చక్రంలా తిరగదు. రెండోది కాసుల పేరు. కొక్కెం అతికించి తర్వాత తీసేసిన రూపాయికి పై అంచున టంకం మచ్చ మిగులుతుంది. పేరున్న గ్రేడింగ్ సంస్థలు ఇలాంటివాటికి అంకె వేయకుండా ‘దెబ్బతిన్నది’ అని రాసి పంపుతాయి.

చిన్నప్పుడు రైలు పట్టాలమీద పది పైసలు పెట్టి చక్రాల కింద సాగదీసిన బాపతు కూడా బజార్లో తిరుగుతుంటుంది, ‘వెడల్పు ఎర్రర్’ పేరుతో. టంకశాలలో చుట్టూ ఉండే కట్టు లేకుండా అచ్చుపడితే నాణెం వెడల్పవుతుంది నిజమే, కానీ బొమ్మ సైజు మారదు. రైలు కింద బొమ్మ కూడా సాగుతుంది. అన్నట్టు, నాణేలని పాడుచేయడం 2011 చట్టం ప్రకారం నేరం.

✦

హనుమంతుడో, రామ పట్టాభిషేకమో ఉన్న ‘1818 ఈస్టిండియా కంపెనీ అర్ధణా’ మీకు వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. కంపెనీ అలాంటివి పోయలేదు. అవి పుణ్యక్షేత్రాల్లో అమ్మే బిళ్లలు. ఆ బిళ్లే బియ్యాన్ని లాగుతుందని, కోట్లు పలుకుతుందని చెప్పే ‘రైస్ పుల్లింగ్’ ముఠాల గురించి మన పత్రికల్లో రాని ఏడాది లేదు. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకునేవాళ్లని నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో చెప్పాల్సి వచ్చింది.

ఇలాంటి పుకారే అమెరికాలో ఒకటి నడిచింది. 1943లో యుద్ధానికి రాగి కావాలని సెంట్లని జింకు పూత వేసిన ఉక్కుతో పోశారు. పాత రాగి బిళ్లలు కొన్ని యంత్రంలో ఇరుక్కుని ఉండి అచ్చు పడిపోయాయి. అలాంటిది తెచ్చిస్తే హెన్రీ ఫోర్డ్ కారు ఇస్తాడని ప్రచారం. 1947లో మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్‌లో డాన్ లూట్స్ అనే పదహారేళ్ల కుర్రాడికి బడి క్యాంటీన్‌లో చిల్లరగా ఒక రాగి సెంటు వచ్చింది. ఫోర్డ్ కంపెనీని అడిగితే కారు మాట అబద్ధమన్నారు. ఖజానా శాఖని అడిగితే 1943లో రాగి సెంట్లే లేవన్నారు. మొదటి పరీక్ష అయస్కాంతం: ఉక్కు సెంటుకి రాగిపూత పూసిన నకిలీ అతుక్కుంటుంది, అసలుది అతుక్కోదు.

అతను దాన్ని అమ్మలేదు. డెబ్భై ఏళ్లు తన దగ్గరే ఉంచుకున్నాడు. చనిపోయాక 2019 జనవరిలో వేలం వేస్తే 2,04,000 డాలర్లు పలికింది. ఆ డబ్బు పిట్స్‌ఫీల్డ్ ఊరి గ్రంథాలయానికి.