మీకు తెలుసా? ‘వెంట్’ అసలు ‘గో’ రూపమే కాదు!

‘గో, వెంట్, గాన్’ అని బడిలో వల్లె వేయని వాళ్లు మనలో ఎంతమంది ఉంటారు? గో నుంచి గాన్ వచ్చిందంటే నమ్మొచ్చు. మధ్యలో ఉన్న వెంట్‌కు మాత్రం గోతో ఏ పోలికా లేదు. అది వేరే క్రియ నుంచి వచ్చింది మరి! పాత ఇంగ్లిష్‌లో ‘వెండ్’ అనే క్రియ ఉండేది. తిరగడం, దారిపట్టి వెళ్లడం అని దాని అర్థం. సెండ్‌కు సెంట్ ఎలాగో, వెండ్‌కు వెంట్ అలాగే. గోకు అప్పట్లో భూతకాల రూపం వేరే ఉండేది. అది క్రమంగా వాడుకలోంచి పోయింది, ఆ చోటులోకి వెంట్ వచ్చి చేరింది. తన వెంట్‌ను పోగొట్టుకున్న వెండ్‌కు ఇప్పుడు ‘వెండెడ్’ అనే భూతకాలం ఉంది.

‘బీ’ క్రియ సంగతి ఇంకా విచిత్రం. దానికి ఎనిమిది రూపాలు: బీ, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీయింగ్, బీన్. నేటి ఇంగ్లిష్‌లో మరే క్రియకూ ఐదుకు మించి ఉండవు. వేర్వేరు మూలాల నుంచి వచ్చిన మాటలు కలిసి ఒకే క్రియగా స్థిరపడటమే ఇందుకు కారణం.

ఇలా దారి తప్పిన క్రియలు ఎందుకు మిగిలాయి? 2007లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని లెక్కగట్టింది. పాత ఇంగ్లిష్‌లోని 177 అపక్రమ క్రియలను తీసుకుని చూస్తే, ఇప్పటికీ అలాగే ఉన్నవి 98. మిగతావి చివర ‘ఎడ్’ చేర్చుకుని దారికొచ్చాయి. హెల్ప్‌కు ఒకప్పుడు ‘హోల్ప్’ అనే భూతకాలం ఉండేది, ఇప్పుడది ‘హెల్ప్‌డ్’. జనం ఎంత ఎక్కువగా వాడితే ఆ క్రియ అంత మొండిగా పాత రూపాన్నే పట్టుకుని ఉంటుందని ఆ అధ్యయనం తేల్చింది. తెలుగులో మాత్రం? రా, రాడు, వచ్చాడు, వస్తాడు... వీటిని పట్టిక పెట్టి మనకెవరూ నేర్పలేదు. పొద్దస్తమానం వినడం వల్లే వచ్చేశాయి.

కాబట్టి వీ వన్, వీ టూ, వీ త్రీ పట్టికను ‘ఏ’ అక్షరం నుంచి బట్టీ పట్టించడం దండగ అని నా గట్టి అభిప్రాయం. బీ, హ్యావ్, డూ, సే, గో, గెట్, మేక్, టేక్, సీ, కమ్... ముందు ఈ పది చాలు. రోజూ నోట్లో నానేవి ఇవే, ఇవన్నీ అపక్రమ క్రియలే. కట్, పుట్, హిట్, షట్ లాంటివాటికి మూడు రూపాలూ ఒకటే, ఆ మేరకు శ్రమ తగ్గినట్టే.

ఉచ్చారణలో ఒక్క మాట. ‘ఎడ్’ను అన్నిచోట్లా ‘ఎడ్’ అని పలకకూడదు. వాక్ చివర అది ‘ట్’ (వాక్ట్), ప్లే చివర ‘డ్’ (ప్లేడ్). వాంట్, నీడ్ లాంటి ట, డ శబ్దాలతో ముగిసే క్రియలకే విడిగా ‘ఇడ్’ వినిపిస్తుంది: వాంటిడ్, నీడిడ్.

ఇక మనవాళ్లు తరచుగా తడబడేది ‘డిడ్’ దగ్గర. ‘ఐ డిడ్‌నాట్ వెంట్’ అనేస్తుంటారు. ‘వెళ్లాడు’కు వ్యతిరేకం మనం ఎలా చెబుతాం? ‘వెళ్లలేదు’ అంటాం కదా! అందులో జరిగిపోయిన కాలమంతా ‘లేదు’లోనే ఉంది, ‘వెళ్ల’లో కాలం లేదు. ‘వెళ్లాడు లేదు’ అని ఎవరూ అనరు. ఇంగ్లిష్‌లోనూ అంతే: కాలాన్ని డిడ్ మోస్తుంది, పక్కన క్రియ మొదటి రూపంలోనే ఉంటుంది. ఐ డిడ్‌నాట్ గో. డిడ్ యూ సీ? ఇంట్లో ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలుంటే ఈ ‘వెళ్లలేదు’ ఉదాహరణతోనే చెప్పి చూడండి, తెలుగు వచ్చిన పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.