పాఠశాలలో చేతిపని – పంచాయతీలు చేయదగిన సాయము

గ్రామ పంచాయతీ సమావేశములలో పాఠశాల ప్రసక్తి వచ్చినప్పుడు గోడల మరమ్మతు, మంచినీరు, మరుగుదొడ్లు, ఉపాధ్యాయుల హాజరు మొదలగు విషయములే సాధారణముగా చర్చకు వచ్చుచుండును. ఇవి ముఖ్యములనుటకు సందేహము లేదు. అయితే బాలబాలికల చేతులకు పని చెప్పు పాఠము వారమునకు ఎన్ని గంటలు జరుగుచున్నదని అడుగు సభ్యులు అరుదు. బొమ్మలు చేయుట ఆటయే గాని చదువు కాదను భావము ఇందుకు కారణము. ఆ భావము సరియైనది కాదనియు, పెద్ద వ్యయము లేకుండగనే ప్రతి గ్రామమును ఈ పనికి పూనుకొనవచ్చుననియు ఈ వ్యాసములో వివరింపదలచినాము.

గత అనుభవము

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా మహాసభలో, చేతిపని మూలముగనే పిల్లలకు విద్య గరపవలెనని గాంధీ మహాత్ముడు సూచించిరి. డాక్టర్ జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము దానికి పాఠ్యప్రణాళిక రూపము నొసగినది. బేసిక్ విద్య యని మనము పిలిచినది దీనినే. కాని చాలచోట్ల అది నూలు వడకుటకే పరిమితమై, ఇతర పాఠములతో సంబంధము కోల్పోయి, క్రమముగా సన్నగిల్లినది.

మరియొక అనుభవము కూడ గుర్తుంచుకొనదగినది. 1953లో మదరాసు రాష్ట్ర ప్రభుత్వము గ్రామములలోని ప్రాథమిక పాఠశాలల పనివేళలను ఒక పూటకు కుదించి, మిగిలిన వేళ పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకొనవలెనను పథకమును ప్రవేశపెట్టినది. ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీ వరకు కోస్తా, రాయలసీమ జిల్లాలును ఆ రాష్ట్రములోనివే. కుమ్మరి బిడ్డ కుమ్మరిగనే, రజకుని బిడ్డ రజకునిగనే మిగిలిపోవలెనా యని ప్రజలు తీవ్రముగా నిరసించిరి. 1954లో ఆ పథకము రద్దయినది. ఆ నిరసన న్యాయమైనది. కావున నేడు ఏ గ్రామమందు చేతిపని ప్రారంభించినను మొదటి నియమము ఇది: ప్రతి బిడ్డయు ప్రతి పనియు చేయవలెను. కుమ్మరి బిడ్డకే మన్ను, వడ్రంగి బిడ్డకే కొయ్య అనరాదు. బాలికలకు కుట్టుపని, బాలురకు సుత్తి అను విభజనయు తగదు.

మన్నుతో పని

చిన్నపిల్లలకు బంకమన్నును మించిన సాధనము లేదు. చెరువు మన్నును ఎండబెట్టి, దంచి, జల్లించి, నీట నానవేసి, రాళ్లు లేకుండ పిసికి, తడిగుడ్డలో ఒక రాత్రి ఉంచిన పని చేయుటకు అనువుగా నుండును. మొదటి తరగతి పిల్లలు ఉండలు, తాళ్లు చేయుదురు. తరువాత ఉండను బొటనవ్రేలితో నొక్కి గిన్నె చేయుట, తాళ్లను చుట్టలుగా పేర్చి కుండ లేపుట నేర్చుకొందురు. రెండు ముక్కలను అతుకవలసినచోట గీతలు గీచి పలుచని మన్ను పూయవలెను. వస్తువును నీడలో ఆరబెట్టవలెను. ఎండలో పెట్టిన పగులును. కాల్చని వస్తువును నీట వేసిన తిరిగి మన్నే యగును గనుక వృథాయను మాట లేదు. బాగుగా వచ్చినవాటిని కుమ్మరి ఆవములో కాల్పించవచ్చును.

తాటియాకు, చింతగింజ, రంగులు

తాటి మొవ్వాకును ఆరబెట్టి, పేళ్లుగా చీల్చి, అల్లుటకు ముందు నీట తడిపిన విరుగకుండ వంగును. ఒకటి పైకి, ఒకటి క్రిందికి అల్లుచు చిన్న చాప చేయు బిడ్డకు సరి, బేసి సంఖ్యలు నోటితో వల్లించకయే తెలియును. రెండేసి పేళ్లు దాటించినప్పుడు ఏ నమూనా ఏర్పడునో ముందుగా ఊహించుట లెక్కల పాఠమే.

చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, నీటితో ఉడికించిన చక్కని జిగురు లభించును. దానిలో మెత్తని రంపపుపొట్టు కలిపిన బొమ్మలకు తగిన ముద్ద యగును. కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యతో చేయు బొమ్మల భాగములను అతుకుట, తీర్చుట ఇట్టి ముద్దతోనే. చేర్యాల కళాకారుల ముఖతొడుగులును ఇట్టివే.

పసుపు నీటితో పసుపుపచ్చ, దానిలో సున్నము కలిపిన ఎరుపు, బొగ్గుతో నలుపు, సుద్దతో తెలుపు సిద్ధించును. పసుపు పూసిన కాగితమును సున్నపు నీటిలో ముంచిన ఎర్రబారును. నిమ్మరసము వేసిన మరల పసుపగును. ఇది విజ్ఞానశాస్త్ర పాఠము. ఏటికొప్పాక లక్క బొమ్మలకు సహజమైన రంగులు వాడుట వలన ఆ కళకు పేరు వచ్చినది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది.

అంగడి రంగులు కొనవలసివచ్చినచో జాగ్రత్త యవసరము. గృహములలో వాడు రంగులందు సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదని 2016 నాటి నియమములు నిర్ణయించినవి. డబ్బాపై ఆ విషయము లేని రంగును పిల్లల చేతికి ఈయరాదు. కత్తితో చేయు పని పెద్దల ఎదుటనే జరుగవలెను.

పంచాయతీ కర్తవ్యము

73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో ప్రాథమిక విద్యయు ఒకటి. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ఏర్పడు పాఠశాల యాజమాన్య సంఘములో ముప్పాతిక భాగము తల్లిదండ్రులు. స్థానిక సంస్థల ప్రతినిధులకును అందు స్థానము కలదు. 2020 జాతీయ విద్యావిధానము 6 నుండి 8వ తరగతి వరకు సంచి లేని పది దినములను సూచించి, ఆ దినములలో వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు, కళాకారుల వద్ద పిల్లలు పని చూచి నేర్చుకొనవలెనన్నది. కావున ఈ విషయమును సభలో ఎత్తు అధికారము సభ్యులకు సంపూర్ణముగా కలదు.

చేయదగినవి స్వల్పము. చెరువు పూడిక తీయునప్పుడు పాఠశాలకు రెండు బండ్ల మన్ను దింపించుట. నీడగల ఒక మూల, నీళ్ల తొట్టి, వస్తువులుంచుటకు ఒక బల్ల సమకూర్చుట. గ్రామములోని వృత్తి పనివారిని నెలకొకసారి పాఠశాలకు పిలుచుట. అట్లు పిలిచినప్పుడు వారికి ఆ దినపు కూలి తప్పక ఈయవలెను. గౌరవ వచనములతో సరిపుచ్చి పంపుట న్యాయము కాదు. పిల్లల యెదుట ఉపాధ్యాయునితో సమానముగా కుర్చీ వేయవలెను. తన తండ్రి విద్యను ఊరంతయు గౌరవించుట చూచిన బిడ్డ ఆ పని విషయమున సిగ్గుపడడు. ఇతరుల పిల్లలును దానిని హీనముగా చూడరు.

గ్రామసభ జరుగు దినమున పిల్లలు చేసిన వస్తువులను ప్రదర్శింపజేయవచ్చును. అయితే అధికారులు చూతురని ఉపాధ్యాయులో తల్లిదండ్రులో చేసి పెట్టిన నునుపైన బొమ్మలకంటె, బిడ్డ స్వయముగా చేసిన వంకర గిన్నె మేలైనది. సభ్యులు దానిని చేతికి తీసికొని, ఎట్లు చేసితివని ఆ బిడ్డనే అడుగవలెను. బిడ్డ వివరించి చెప్పగలిగినచో పాఠము అబ్బినట్లే.

రాబోవు సమావేశపు కార్యక్రమములో ఈ అంశమును చేర్చవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.