ఆహార పట్టికలో నడక

మధుమేహానికి డైటీషియన్ వద్దకు వెళితే అన్నం కొలతతో పాటు నడక మాట కూడా వినిపిస్తుంది. తిన్న శక్తి, ఖర్చయ్యే శక్తి లెక్క వారి చదువులోనిదే. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అయితే నడవమని చెప్పడం వేరు. గుండెజబ్బు ఉన్నవారికి, పాదాలు తిమ్మిరెక్కినవారికి కసరత్తు నిర్ణయించడం వేరు. అది వైద్యుని, ఫిజియోథెరపిస్టు పని.

నా శ్రీమతి ఇన్సులిన్ తీసుకుంటారు. ఒక రమజానులో ఉపవాసంతోనే అసర్ నమాజు తరువాత వేగంగా నడిచి, చెమటలు పట్టి కూలబడ్డారు. చక్కెర పడిపోయింది. పంచదార నీళ్లు తాగించి ఉపవాసం విరమింపజేశాము. నడవమన్న డైటీషియన్ ఉపవాసాల సంగతి అడగలేదు, మేమూ చెప్పలేదు. వ్యాధిగ్రస్తులకు దివ్య ఖుర్ఆన్ ఇచ్చిన సడలింపును ఏటా విద్యార్థులకు బోధించే నేను ఇంట్లో దానిని మరిచాను. ఇప్పుడు మందుల చీటీ ముందుంచి, నడక ఏ వేళ మంచిదో మేమే అడుగుతున్నాము.