సామాజిక మాధ్యమములు – ఆకర్షణ, విరక్తి

"సార్, మీరింకా ఫేస్‌బుక్‌లోనే ఉన్నారా? అది మా అబ్బా వయసువారిది కదా!" అని మొన్న తరగతి ముగిసిన పిదప ఒక విద్యార్థి మమ్ము ప్రశ్నించినాడు. అతని మాటలో ఎగతాళి కంటె ఆశ్చర్యమే ఎక్కువగా ఉండుటచే మాకు కోపము రాలేదు. నిజమునకు సుమారు 15 ఏండ్ల క్రిందట విశ్వవిద్యాలయములో యం.ఏ. చదువుచు, హాస్టలు గదిలో నలుగురము ఒకే కంప్యూటరు ముందు కూర్చున్న దినములలో, మేమును ఇటువంటి మాటనే పలికియున్నాము. ఆనాడు మేము వెక్కిరించినది ఆర్కుట్‌ను. ఆ పేరు నేటి మా విద్యార్థులలో చాలామందికి తెలియదు. కోట్లాది జనము ఒకచోట గుమిగూడుట, కొలది సంవత్సరములలో మరల లేచి వేరొకచోటికి పోవుట ఏ కారణమున జరుగుచున్నది? ప్రతిదినము చేతిలో సెల్‌ఫోను పట్టుకొని తిరుగు మనము దీనిని గూర్చి కొంత ఆలోచింపవలసి యున్నది.

మొదట కొంత చరిత్ర చెప్పవలెను. స్నేహితుల జాబితాను ఏర్పరచుకొని పరస్పరము పలుకరించుకొను వీలు కల్పించిన తొలి సంస్థలలో ఒకటి అమెరికాలో 1997లో ప్రారంభమైన సిక్స్‌డిగ్రీస్. ఆ దశకములోనే దూరదేశములందున్న తెలుగువారు ఆంగ్ల లిపిలో తెలుగు వ్రాసికొనుచు కంప్యూటరుపై ముచ్చటలాడుకొనిరి. వారి కూటములలో ఒకదానికి 'రచ్చబండ' అని పేరు. ఊరిలో చెట్టు క్రింది అరుగును విడిచి సముద్రములు దాటి పోయినవారు, ఆ అరుగు పేరునే అక్కడ నిలుపుకొనుట ముచ్చటైన విషయము. రచ్చబండకు ఆశ్రయమిచ్చిన యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడినవి.

ఆర్కుట్ 2004 జనవరిలో పుట్టినది. గూగుల్ సంస్థలో పనిచేయుచుండిన ఆర్కుట్ బుయుక్కోక్తెన్ అను టర్కీ దేశస్థుడైన ఇంజనీరు దానిని నిర్మించి తన పేరే పెట్టినాడు. ఆరంభములో లోపలనున్నవారు ఆహ్వానము పంపిన గాని క్రొత్తవారికి ప్రవేశము లేదు. అమెరికాలో కంటె బ్రెజిల్‌లోను, మన దేశములోను దానికి ఆదరణ హెచ్చుగా లభించినది. ఒకరి గోడపై మరియొకరు చిన్న చీటీవలె వ్రాయు దానిని 'స్క్రాప్' అనెడివారు. స్నేహితుని గుణగణములను గూర్చి నాలుగు వాక్యములు వ్రాసి ఇచ్చుటకు 'టెస్టిమోనియల్' అని పేరు. మా గదిలోని మిత్రులు మాకు వ్రాసి ఇచ్చినవి కొన్ని ఉండెను. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడినది. ఎవరి వ్రాతలు వారు దించి భద్రపరచుకొనుటకు సంస్థవారు గడువు ఇచ్చినారు. మేము పట్టించుకొనలేదు. ఆ మిత్రులలో ఒకడు నేడు జీవించి లేడు. అతడు మమ్ము గూర్చి వ్రాసిన వాక్యములలో ఒకటి మాత్రము సగము జ్ఞాపకమున్నది.

ఇక కారణముల మాట. లెక్కల లెక్చరరులు చెప్పు సంగతి ఒకటి కలదు. పదిమంది ఒకచోట నున్నచో వారిలో ఇద్దరిద్దరు కలిసికొనుటకు 45 జతలు ఏర్పడును. నూరుగురున్నచో 4,950 జతలు. మనుష్యులు పదిరెట్లు పెరిగినపుడు పరిచయములకు గల అవకాశము నూరు రెట్లకు పైగా పెరిగినది. అందువలననే ఇటువంటి సంస్థలు మొదట చాలాకాలము నిదానముగా నడచి, పిదప ఒక్కసారిగా పొంగును. కాని ఇదే లెక్క క్రిందికి దిగునపుడును వర్తించును. నూరుగురిలో సగముమంది వెడలిపోయినచో మిగులు జతలు 1,225 మాత్రమే. అనగా పావువంతు. అమెరికాలో మైస్పేస్ అను సంస్థను 2005లో 58 కోట్ల డాలర్లకు కొన్న న్యూస్ కార్పొరేషన్ 2011లో సుమారు మూడున్నర కోట్లకు అమ్ముకొనవలసి వచ్చినది. ధనబలము చేత జనమును నిలుపవచ్చుననుటయు భ్రమయే. గూగుల్ వంటి సంస్థయే 2011లో ఆరంభించిన గూగుల్ ప్లస్‌ను 2019 ఏప్రిల్‌లో సామాన్య వినియోగదారులకు మూసివేసినది. మన దేశములో 2020లో తెలుగు మొదలగు భాషలను ఆదరించుచు వచ్చిన 'కూ' 2024 జూలైలో ఆగిపోయినది. టిక్‌టాక్ మాట వేరు. 2020 జూన్ 29న ప్రభుత్వము నిషేధించునాటికి దానిపై ఎవరికిని విరక్తి కలుగలేదు. మన పల్లెలలో పొలము గట్టుపై నిలిచి నటించిన యువకులు ఒక్క రాత్రిలో తమ ప్రేక్షకులను పోగొట్టుకొనినారు.

అయితే సగముమంది పోయిన తరువాత మిగిలినవారు ఏల పోవుదురో ఈ లెక్క చెప్పును గాని, మొదటి మనిషి ఏల లేచిపోయెనో చెప్పదు. అసలు ప్రశ్న అదియే.

మన విజయపురి సౌత్‌కు సమీపమున అనుపులో పురాతనమైన రంగస్థలము కలదు. ఇక్ష్వాకుల రాజధానియైన ప్రాచీన విజయపురి జలాశయములో మునుగుటకు పూర్వము, 1954 మొదలు 1960 వరకు జరిగిన త్రవ్వకములలో బయటపడిన కట్టడములలో అది ఒకటి. దానిని తిరిగి అనుపులో నిర్మించినారు. నలుచదరపు నేల, నాలుగు వైపులను మెట్లు. విద్యార్థులను విహారయాత్రకు కొనిపోయినపుడు ఒకరిని నడుమ నిలిపి మెల్లగా మాటలాడుమందుము. పై మెట్టు మీదివారికి గూడ ఆ మాట వినబడును. అది చూచి పిల్లలు చప్పట్లు కొట్టుదురు. మేము గమనించినది మరియొకటి. నడుమ నిలిచినవాడు తలయెత్తి చూచిన వినువారందరును వానికి కనబడుదురు. ఎవరు నవ్విరో, ఎవరు మొగము చిట్లించిరో, ఎవరు లేచిపోవుచున్నారో తెలిసికొని తన మాటను సవరించుకొనును.

సామాజిక మాధ్యమములలో ఈ రెండవది లేదు. మాట అందరికి చేరును. కాని వినువారెవరో వక్తకు తెలియదు.

మొదట ఖాతా తెరచినపుడు అందులో తరగతి మిత్రులు పదిమంది యుందురు. ఏమి వ్రాసినను చెల్లును. కొన్నాళ్లకు మామూ చేరును, ఖాలా చేరును, ఇంటి ప్రక్కవారు, లెక్చరర్లు, ఉద్యోగమిచ్చిన యజమాని, చెల్లెలికి సంబంధము చూడదలచినవారు చేరుదురు. మన భాషలను గమనింపుడు. ఉర్దూలో తూ, తుమ్, ఆప్ అని మూడు సంబోధనలు. తెలుగులో నువ్వు, మీరు, తమరు. ఎదుటనున్నవారు ఎవరో తెలియనిదే మనము నోరు తెరచి ఒక్క వాక్యమైనను సరిగా పలుకలేము. మిత్రునితో ఆడిన హాస్యము మామూ ఎదుట ఆడము. ఖాలాతో చెప్పుకొన్న కష్టము యజమాని చెవిని వేయము. ఇది కపటము కాదు, మర్యాద. ఇట్టి వారందరును ఒకే గదిలో, ఒకే సమయమున, కంటికి కనబడకుండ కూర్చుండినపుడు, వారికందరికిని కలిపి చెప్పదగిన మాట ఏది? ఎవరికిని అభ్యంతరము లేని మాట మాత్రమే మిగులును. శుభోదయము, ఈద్ ముబారక్, పుట్టినరోజు శుభాకాంక్షలు, ఆత్మకు శాంతి కలుగుగాక. అంతే. స్నేహమునకు ప్రాణమైన చిలిపిమాట, ఫిర్యాదు, సందేహము, కన్నీరు ఇవన్నియు మెల్లగా తప్పుకొనును. లోకము జనసమ్మర్దముగానే కనబడుచుండును. ఎవ్వరును మనసు విప్పి మాటలాడరు. ఆకర్షణ తగ్గుటకు మూలము ఇచ్చటనే యున్నదని మా అభిప్రాయము.

ఆంగ్లేయ మానవశాస్త్రజ్ఞుడు రాబిన్ డన్‌బార్ 1992 నుండి చెప్పుచున్న సిద్ధాంతము ఇచ్చట స్మరింపదగినది. మానవుడు నిజముగా సంబంధము నిలుపుకొనగలిగిన వారి సంఖ్య సుమారు 150 అనియు, అందులో కష్టమునకు ఆదుకొను ఆత్మీయులు అయిదుగురికి మించరనియు ఆయన అంచనా. ఈ సంఖ్యపై పండితులలో భేదాభిప్రాయములు కలవు. అది నూరో, రెండు నూర్లో కావచ్చును. రెండువేల మంది మిత్రులు మాత్రము ఎవరికిని ఉండరు.

మెచ్చుకోలు విషయమును గూడ చూడుడు. ముషాయిరాలో షేర్ పూర్తియైనపుడు శ్రోత 'వాహ్' అని దాద్ ఇచ్చును. అర్థము కానిదే దాద్ ఇచ్చినవాడు ప్రక్కవారి చూపులకు సిగ్గుపడును. ఫేస్‌బుక్‌లో 2009లో వచ్చిన లైకు గుర్తుకు ఆ భయము లేదు. చదువకయే నొక్కవచ్చును. మృతివార్తకు సైతము బొటనవ్రేలు ఎత్తి చూపిన లైకులు మేము చూచియున్నాము. ఇట్టి మెచ్చుకోలు మొదటి నెలలో తియ్యగా నుండును. వ్రాసినవాడు అవి తక్కువైన దినమున దిగులుపడును, ఎక్కువైనను తృప్తిపడడు.

జనము మాటలాడుట మానినపుడు సంస్థలు ఏమి చేయును? వాటి ఆదాయములో అత్యధిక భాగము ప్రకటనల వలన వచ్చునది. మనము ఎంతసేపు తెర ముందుండిన వారికి అంత లాభము. కావున మిత్రులు విడిచిన ఖాళీ స్థలమును అపరిచితుల రీలులతో నింపినారు. 2025 ఏప్రిల్‌లో అమెరికా న్యాయస్థానములో జరిగిన విచారణలో, ఫేస్‌బుక్‌పై గడుపు కాలములో మిత్రుల పోస్టులు చూచుటకు పోవుచున్నది 17 శాతము మాత్రమేయనియు, ఇన్‌స్టాగ్రామ్‌లో అది 7 శాతమేయనియు వాటి యాజమాన్యమైన మెటా సంస్థయే తెలిపినది. అంతకు రెండేండ్ల ముందు అవి 22, 11 శాతములట. మిత్రులను కలుపుటకని వెలసిన స్థలములో మిత్రుల పాలు ఇంతకు దిగినది. 2022 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ దినసరి వినియోగదారుల సంఖ్య మొదటిసారి కొద్దిగా తగ్గినదని తెలిసిన మరునాడు ఆ సంస్థ వాటాల విలువ 20,000 కోట్ల డాలర్లకు పైగా పడిపోయినది. ఆ సంఖ్య తరువాత మరల పెరిగినది. కావున ఆకర్షణ తగ్గినదనగా జనము లేచిపోయినారని ఎల్లప్పుడును అర్థము కాదు. కూర్చుండియే యున్నారు. చూచుచున్నారు. మాటలాడుట లేదు.

మాటలాడదలచినవారు చిన్న గదులకు పోయినారు. అదియే వాట్సాప్. మా విద్యార్థినులు ఫేస్‌బుక్‌లో తమ ఛాయాచిత్రము పెట్టుకొనరు. వాట్సాప్ స్టేటస్‌లో ఎవరు చూడవచ్చునో ఏరి, పదిమంది సఖులకు మాత్రమే చూపుదురు. వినువారెవరో తెలియవలెనను కోరికయే ఇందులోను కలదు. కాని గ్రూపులును పెద్దవైనవి. ఒకప్పుడు 256 మందికి పరిమితమైన గ్రూపులో 2022 నుండి 1,024 మంది చేరవచ్చును. గది పెద్దదైనకొలది పాత వ్యాధి మరల తల ఎత్తును. పైగా ఫార్వర్డుల బెడద ఒకటి. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు తెలుగు రాష్ట్రములలోను, ఇతర రాష్ట్రములలోను వ్యాపించి, అమాయకులైన బాటసారులు గుంపుల చేతిలో ప్రాణములు కోల్పోయినారు. ఆ యేడే ఒక సందేశమును ఒకసారి అయిదు చోట్లకు మించి పంపరాదని మన దేశమునకు పరిమితి విధింపబడినది.

ఈ పట్టణమునే తీసికొందము. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిన పిదప నానా జిల్లాల నుండి పనివారు వచ్చి నదికి ఇరువైపుల కాలనీలలో నివసించినారు. మా దాదా అట్లు వచ్చినవారే. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిన తరువాత పని తగ్గినకొలది కుటుంబములు చెల్లాచెదరైనవి. ఒక పని కొరకు చేరినవారు ఆ పని ముగియగానే విడిపోయినారు. అందులో ఎవరి తప్పును లేదు.

ఆ కుటుంబముల పిల్లలు, మనుమలు కలిసి కొన్నేండ్ల క్రిందట ఒక వాట్సాప్ గ్రూపు పెట్టినారు. మేమును అందులో ఉన్నాము. మొదటి వారమున ఎవరికిని నిద్ర లేదు. పాత ఇండ్ల బొమ్మలు, బడి మెట్లపై తీసిన నలుపు తెలుపు ఛాయాచిత్రములు, 'ఈమె మా అత్త, గుర్తుపట్టితిరా' అను మాటలు. రెండు మాసములకు అవి అయిపోయినవి. పాత జ్ఞాపకములు ఒకసారి చెప్పుకొన్న తరువాత రెండవసారి చెప్పుటకు క్రొత్తగా ఏమియు మిగులదు. పిదప ఎవరో ఒక రాజకీయ ఫార్వర్డు పంపినారు, వాగ్వాదమైనది, పెద్దలు సర్దిచెప్పినారు. ఆపైన ఉదయము పువ్వులు, రాత్రి సూక్తులు. మేము శబ్దము రాకుండ మూసి ఉంచినాము. చాలామంది అట్లే చేసినారని తరువాత తెలిసినది.

2021 మే మాసములో, కరోనా రెండవ అల తీవ్రముగా నున్న ఒక రాత్రి, ఆ గ్రూపులోని ఒకామె తన తండ్రికి ఆక్సిజన్ మంచము కావలెనని రెండే వాక్యములు వ్రాసినది. సంవత్సరముగా పలుకనివారు పలికినారు. గుంటూరులో నున్న ఒకరు, హైదరాబాదులో నున్న మరియొకరు, దుబాయిలో మేలుకొని యున్న ఇంకొకరు ఫోనులు చేసిరి. తెల్లవారకముందే మంచము దొరికినది. ఆయన కోలుకొని ఇంటికి వచ్చిన దినమున గ్రూపులో పండుగవలె నుండినది. ఆ తరువాత వారము దినములకు పువ్వులు మరల రాసాగినవి. నేటికిని అవియే వచ్చుచున్నవి. గ్రూపును విడిచి వెళ్లినవారు మాత్రము ఒక్కరును లేరు.